ఆపుకోలేదన్నాను

కోర్టులో నేనొక అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ళూ దాన్ని ఒక్కదాన్నే మోశాను. ఇక మొయ్యలేను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది.

నా మరిది కొడుక్కి మంట పిచ్చి. గడ్డివాము, చిరిగిన వల, ఆఖరికి తన సొంత లుంగీ, ఏది కనిపిస్తే అది అంటించి, మళ్ళీ తనే తల బాదుకుని ఏడ్చేవాడు. ఒక మధ్యాహ్నం భావనపాడులో మా వలల పాక అంటించాడు. వేట నుంచి వచ్చి లోపల నిద్రపోతున్న నా భర్త ఇక బయటికి రాలేదు.

ఆ కోరిక పుడితే వాడి చెయ్యి వాడి వశంలో ఉండదని, అది జబ్బని, వాడికి కావలసింది ఆసుపత్రి గాని జైలు కాదని వాడి వకీలు వాదించాడు. నన్ను బోనెక్కించి అడిగాడు.

"ఆపుకోలేకపోతున్నానని వాడు ముందే నీకు చెప్పాడా, అమ్మా?"

"నాకేటీ సెప్పనేదు బాబూ. ఆపుకోనేకపోడమేటి? ఆపుకోనేదంతే."

మాటని కాస్త కురచ చేశాను. వాడు జైలుకి పోయాడు.

నిజం వేరు. పాక అంటుకున్న రోజు పొద్దున నేను ఇసుక మీద చేపలు ఎండేస్తుంటే వాడు పరుగున వచ్చి నా చేతిలో అగ్గిపెట్టె పెట్టాడు.

"పెద్దమ్మా, దీన్ని సముద్రంలోకి ఇసిరీ. నా సెయ్యి నా మాట ఇనడం నేదు."

"నిండు అగ్గిపెట్టి పారేత్తారేట్రా, ఎర్రెదవా? మీ యమ్మకియ్యి, పొయ్యికి పనికొస్తాది."

తిరిగి వాడి చేతిలోనే పెట్టాను. ఎండు చేప మీద కాకి వాలితేనే ఊరుకోని దాన్ని, నిండు పెట్టె నీళ్ళపాలు చెయ్యడానికి నాకు మనసెలా వస్తుంది?

జైల్లో వాడిని చూసొచ్చి నా తోటికోడలు వాకిట్లో ఏడుస్తుంటే, ఆ పూట నాకు అన్నం బాగా సయించేది. ఇంకో ముద్ద కలుపుకునేదాన్ని. పడు, నేను పడలేదా అనుకునేదాన్ని. వాడు అక్కడే చావాలని ఈ పొద్దున కూడా కోరుకున్నాను.

కాని నన్ను నేనే అడుగుతుంటాను. వాడి చెయ్యి వాడి వశంలో లేదు సరే, నా చెయ్యో? బోనులో నా నాలుకో? రెండూ నా వశంలోనే ఉన్నాయి.

వాడిని క్షమించను. నన్ను క్షమించమని ఎవరినీ అడగను. కసి చల్లారలేదు. అయినా ఊపిరి కాస్త ఆడుతోంది, ఇది రాశాక: వాడు నాకు చెప్పాడు. నేను విన్నాను.