బళ్ళు కడుతున్నారమ్మా!

1974 చలికాలం. అప్పుడు నేను విజయవాడలో ఫైర్ ఆఫీసర్ని. మంటలార్పడం ఒక ఎత్తయితే, కొత్త రూల్సుకి జనాన్ని ఒప్పించడం ఇంకో ఎత్తు. అంతకుముందు సినిమా హాళ్ళకి ఒక్కో ప్రాంతంలో ఒక్కో పద్ధతి ఉండేది. ఆ మధ్యనే రాష్ట్రమంతటికీ ఒకే రకం రూల్స్ వచ్చాయి. టూరింగ్ టాకీసులూ వాటికి లోబడాల్సిందే. టూరింగ్ టాకీసంటే తాటాకు పాక, చుట్టూ తడికలు, కింద ఇసుక, ఒకే ఒక్క ప్రొజెక్టరు. గడువు తీరగానే అంతా విప్పుకుని ఇంకో ఊరు పోతారు. మేం వెళ్ళి చూసి ఎన్.ఓ.సి. ఇవ్వాలి, అంటే మా వైపు నుంచి అభ్యంతరం లేదని రాసివ్వాలి. అది లేకపోతే లైసెన్సు లేదు.

నాకు కోపం కాస్త ఎక్కువ. "నిప్పులార్పే ఉద్యోగం మీకెవరిచ్చారండీ?" అని మా ఆవిడ ఎప్పుడూ దెప్పేది.

చల్లపల్లి రోడ్డులో ఓ ఊళ్ళో సాంబయ్య అనే ఆయన టాకీసు వేశాడు. కోతలయిపోయి జనం చేతుల్లో నాలుగు డబ్బులాడే రోజులు. ఆ సీజను పోతే అతనికి ఏడాదంతా పస్తే. ఇసుక బకెట్లు బాగున్నాయి. ప్రొజెక్టరు గదికి రేకులు కొట్టించాడు. మగవాళ్ళ వైపు తలుపులు బయటికే తెరుచుకుంటున్నాయి. ఆడవాళ్ళ వైపు తలుపుకి మాత్రం ఇంత తాళం కప్ప. దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని సాంబయ్య తల్లి రత్తమ్మగారు కూర్చుని ఉంది. తాళం చెవి ఆవిడ బొడ్లో ఉంది.

"తాళం తీయండమ్మా," అన్నాను.

"ఎందుకండీ?"

"నిప్పంటుకుంటే ఆడవాళ్ళు ఎటు పోతారు?"

"అయ్యో, శుభమా అని పాక వేసుకుంటే అవేం మాటలండీ! తాళం తీస్తే దారిన పోయే ప్రతివాడూ టిక్కెట్టు లేకుండా దూరతాడు. ఆడాళ్ళలోకి మగాడు దూరాడంటే మర్నాటి నుంచి ఒక్క ఆడకూతురు మా పాక గడప తొక్కుద్దా?"

ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. కాసేపు ఇద్దరం గొంతులు చించుకున్నాక రాజీ కుదిరింది. తాళం తీసెయ్యాలి, లోపలి వైపు గడియ పెట్టాలి, ఆవిడ కుర్చీ పక్కకి జరగాలి. గడియకి ఆవిడే కాపలా.

అంతటితో ఊరుకోలేదు నేను. కాగితం రాసిచ్చే ముందు, మర్నాడు టిక్కెట్లు లేకుండా ఓ పరీక్ష ఆట వేయించి, మధ్యలో బొమ్మ ఆపించి గంట కొట్టించాను. దీన్ని మేం మాక్ డ్రిల్ అంటాం, ఉత్తుత్తి ప్రమాదంతో చేయించే సాధన. మగవాళ్ళు గబగబా బయటికొచ్చి బీడీలు ముట్టించుకున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క మనిషి రాలేదు. లోపలికెళ్ళి వాళ్ళ తలుపు దగ్గర నిలబడి, "లేవండమ్మా, గంట వినపళ్ళేదా?" అని అరిచాను.

"ఇంట్రవెల్‌కి మేం లెగవమండీ. లెగిస్తే చోటు పోద్ది," అంది ముందు వరసలో చంటిపిల్లని ఒళ్ళో వేసుకున్న ఆవిడ.

"ఇంట్రవెల్ కాదు తల్లీ, నిప్పు!"

"ఏదండీ?" అని అందరూ ఓసారి పైకి చూసి, మూతికి పైట కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎన్.ఓ.సి. ఇవ్వను గాక ఇవ్వను!" అన్నాను. సాంబయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "బాబుగారూ, నా పిల్లల మొహం చూసి..." అంటూ చేతులు పట్టుకున్నాడు. జాలేసింది. కానీ నిజంగా అంటుకుంటే? విజయవాడ నుంచి మా ఇంజను రావడానికి గంట పైనే పడుతుంది, తాటాకు పాకకి అంత వ్యవధి ఎక్కడిది? చివరికి విసుగెత్తి ఆ ఆడవాళ్ళనే అడిగాను.

"మరి మీరు దేనికి లేస్తారమ్మా?"

"బళ్ళు కడితే లెగుస్తాం!" అన్నారు అందరూ ఒక్కసారే.

చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వాళ్ళొచ్చేది ఎడ్ల బళ్ళ మీద. ఆట చివర్లో బండివాళ్ళు ఎడ్లని కడతారు. ఆలస్యమైనవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని కాలవ గట్టున నడిచిపోవాల్సిందే. రత్తమ్మగారు నా వంక ఓసారి చూసి, గడియ తీసి, గొంతెత్తి ఒకే ఒక్క కేక వేసింది.

"బళ్ళు కడుతున్నారమ్మా!"

నేను పక్కకి తప్పుకునే లోపలే పాక ఖాళీ. బయటికొచ్చి చూస్తే ఎడ్లు తీరిగ్గా గడ్డి నములుతున్నాయి. నన్నూ ఆవిణ్ణీ కలిపి తిట్టిపోశారు. ఆ తిట్లు వింటూనే ఎన్.ఓ.సి. రాసిచ్చాను. గంట కొట్టగానే రత్తమ్మగారు గడియ తీసి ఆ కేక వేయాలని షరతు కూడా పెట్టాను. "ఇదేం రూలయ్యా?" అన్నారు మా పై ఆఫీసరు. "జనాన్ని హెచ్చరించాలని ఉంది సార్. ఏమని హెచ్చరించాలో రాయలేదు," అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టారు.

కొన్నాళ్ళకి ఓ సాయంత్రం ఆ ఊరి రైసు మిల్లు నుంచి ఫోను. టాకీసు తగలబడుతోందట. ఇంజను ఎక్కానన్న మాటే గానీ, దారి పొడుగునా నా ప్రాణం నా దగ్గర లేదు. మేం ఇటు తిరగ్గానే అటు తాళాలు మళ్ళీ వేసుకోవడం నాకు కొత్త కాదు. ముసలావిడ మళ్ళీ తాళం వేసిందా? ముందు వరసలో చంటిపిల్ల తల్లి ఏమైంది? డ్రైవర్ని ఊరికే కసురుకున్నాను పాపం.

వెళ్ళేసరికి పాక లేదు. నల్లబడ్డ గుంజలు పొగలు కక్కుతున్నాయి. పాక బయట పకోడీల కొట్టు బాణలి నుంచి నిప్పు లేచి గాలికి తాటాకు అందుకుందట. రోడ్డు మధ్యలో అదే కుర్చీలో రత్తమ్మగారు కూర్చుని ఉంది.

"లోపల ఎవరన్నా..." అంటూ ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"ఎవరూ లేరండీ. పిల్లామేకా అందరూ బయటే. కుర్చీ కూడా తెచ్చేసుకున్నాను."

"తాళం?"

"అది ఆ రోజే మా గొడ్ల చావిడికి వేశానండీ. నిప్పు అని అరిస్తే బెదిరి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారని, మన కేకే వేశాను."

కాలవ గట్టు మీద బళ్ళన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. ముందు బండిలో చంటిపిల్ల తల్లి నన్ను చూసి గయ్యిమంది. "మళ్ళీ అబద్ధమేనా బాబూ! మేమొచ్చేసరికి ఏ బండీ కట్టలేదు. కథలో ఆ పిల్లకి పెళ్ళయిందో లేదో చూడకుండానే లేపేశారు. మిగతా బొమ్మ ఎప్పుడేస్తారు?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా వాళ్ళు చూస్తున్నారని మొహం తిప్పుకున్నాను.

సాంబయ్య ఆ సీజన్లోనే అప్పో సప్పో చేసి రేకుల పాక వేశాడు. అదే బొమ్మ మళ్ళీ తెప్పించి, ఆ రోజు సగంలో లేచినవాళ్ళందరికీ ఉచితంగా చూపించాడు. ఆ పిల్లకి పెళ్ళయింది.

తలుపు ఎటు తెరుచుకోవాలో రూలు చెబుతుంది. ఆ తలుపు దాకా మనిషిని నడిపించే మాట మాత్రం ఆ మనిషినే అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత నేను ఏ హాలుకి వెళ్ళినా బకెట్లు చూడకముందే లోపలికెళ్ళి అడిగేవాణ్ణి, "మీరు దేనికి లేస్తారమ్మా?" అని.