సోని గీసిన గోడ

గూడెం కొత్తవీధి మండలంలోని మా ఊరి సోనికి ఇరవై రెండవ ఏట తీవ్రమైన మానసిక వ్యాధి ప్రారంభమైనది. ఎవరూ లేనిచోట ఆమెకు మాటలు వినిపించేవి. ఆ మాటలతో తగవులాడుతూ కాఫీ తోటల వెంబడి రెండేసి రోజులు తిరిగేది. 1997 దీపావళి తరువాత ఆమె అన్న గాసి ఆమెను విశాఖపట్నం ఆసుపత్రికి తీసికొనిపోయాడు. ఆసుపత్రి కాగితాలకు మండల కార్యాలయంలో నకలు వ్రాసినవాడను గనుక తేదీ విషయంలో నాకు సందేహం లేదు.

మాత్రలతో ఆమెకు నిద్ర పట్టింది. మాటలు తగ్గినవి గాని ఆగలేదు. తిరిగివచ్చిన నాటి నుండి ఆమె బొగ్గుముక్కతో ఇంటి ముందుగోడపై ముఖాలు గీయసాగింది. ఏడాది తిరగకుండానే గోడ నిండిపోయింది.

కొత్త కొర్రలు వండుకొనే పండుగనాడు మా ఊరిలో ప్రతి ఇంటి గోడనూ ఎర్రమట్టితో అలకాలి. ఒక్క గోడ మిగిలినా ఎవరి పొయ్యీ వెలగదు. ఒకసారి అలికిన గోడకు మరుసటి పండుగ వరకు మరల మట్టి పూయరాదు. ఇది కట్టుబాటు.

మరుసటి సంవత్సరం పండుగ ఉదయం గాసి మట్టికుండతో రాగా, సోని గోడకు వీపు ఆనించి నిలబడింది. ఊరు పోగయింది.

“బేగి తప్పుకోయే! అందరూ ఆకలితో ఉన్నారు,” అన్నాడు గాసి.

“మాత్ర మింగమన్నావు, మింగుతన్నాను. గోడ మాత్రం ఇవ్వను, అన్నియ్యా.”

“ఏటీ గీతలు? మా గుంటలు జడుసుకుంటన్నారు,” అన్నది పొరుగింటి కనక, తన పిల్లలను దగ్గరకు లాగుకొని.

“నాకు జడుపు లేదేటి వదినా? నా సెవిలో అరిసేవోళ్లు వీళ్లే. మొకం గీత్తే కాసేపు ఊరుకుంటారు.”

ఊరి పూజలు చేయించే దిశారి భీముడు నవ్వాడు. “వాళ్లు ఊరుకున్నా నా కడుపు ఊరుకోదే, గుంటా!”

అందరూ నవ్వారు. సోని నవ్వలేదు. అన్న చేతిలోని కుండ లాగుకొని, తానే గోడంతా అలికింది. గాసి నిట్టూర్చి వెనుదిరిగాడు. అంతలో ఆమె ఆ తడిమట్టిలోనికి వేళ్లు దిగవేసి, బొగ్గు గీతలకంటె లోతుగా ముఖాలు గీయనారంభించింది.

గాసి పరుగున వచ్చి, ఆమె కింద పెట్టిన కుండ అందుకున్నాడు.

“రెండోసారి పూత్తావేటి?” అన్నది సోని, వెనుదిరిగి చూడకుండానే. “దిశారి తాతనడుగు.”

అందరూ భీముడి వైపు చూశారు. ఆయన గోడను ఒక చివర నుండి మరొక చివర వరకు నడిచి చూశాడు.

“అలికేసింది. ఇంక సెయ్యెయ్యకూడదు,” అన్నాడు. “పొయ్యిలెలిగించండి.”

సోని మాత్రలు మానలేదు, గీతలూ మానలేదు. మరుసటి పండుగకు ఊరందరికంటె ముందుగా మట్టి కలిపినది ఆమెయే.