నాలుగో కాలు కింద ఇటుక ముక్క

మా అక్క కూతురికి నేను పెట్టిన పేరు ప్రశ్నాపత్రం. చిన్నప్పుడు నేను బట్టలు కుడుతుంటే మిషను కింద దూరి, పై దారమూ కింది దారమూ ఎక్కడ కలుస్తాయో చూడాలని చెయ్యి పెట్టబోయింది. వీపు మీద ఒకటి తగిలించాను. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "మరి ఎక్కడ కలుస్తాయి మామయ్యా?" అంది. ఇలాంటిదాన్ని కొట్టి ఏం లాభం? పని ఆపి, మిషను విప్పి చూపించాను.

ఇప్పుడది ఇంజినీరింగు చదువుతోంది. ఈ ఏడాది దానికీ, మరో ముగ్గురికీ కలిపి కాలేజీవాళ్ళు ఒక పని అప్పజెప్పారు. మా అక్క పనిచేసే ఆసుపత్రి డాబా మీద సోలార్ ప్యానెళ్ళకు ఇనప స్టాండు కట్టాలి. అక్క టీకాలు వేసే నర్సు. ఉన్నవి రెండు గదులు, ఒక ఫ్రిజ్. కరెంటు పోయిందంటే టీకా మందులన్నీ మంచుపెట్టెలో సర్దుకుని పెద్దాసుపత్రికి మోసుకుపోవాలి. మోసీ మోసీ అక్క కుడి భుజం పైకి లేవడం మానేసింది. ప్యానెళ్ళు వస్తే ఆ మోత తప్పుతుంది. వాటిని ఉచితంగా ఇస్తామన్న సంస్థవాళ్ళు స్టాండు గట్టిదో కాదో తామే వచ్చి చూస్తామన్నారు. నచ్చకపోతే ఏటి అవతల ఇంకో ఆసుపత్రి కాచుకుని కూర్చుంది, ప్యానెళ్ళు అక్కడికి పోతాయి.

స్టాండు బొమ్మ గీసింది మా ప్రశ్నాపత్రమే. వెల్డింగు జరుగుతుంటే ఉండబట్టలేక నేనూ వాళ్ళ వర్క్‌షాపుకు వెళ్ళాను.

"ఇంత ఇనుము దేనికే? ఆ పలకలు అంత బరువేం ఉండవుగా."

"మోయడానికి కాదు మామయ్యా, పట్టుకోవడానికి. ఏటవాలు పలక కింద గాలి దూరిందంటే గొడుగు తిరగబడ్డట్టే. లేచిపోతుంది."

స్టాండు అంటే కింద పడకుండా మోసేదనుకున్నాను ఇన్నాళ్ళూ. పైకి పోకుండా లాగిపెట్టే స్టాండు కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది. నాకు భలే నచ్చింది. కట్టడం పూర్తయ్యాక నలుగురూ దాని మీదెక్కి కూర్చున్నారు, వాళ్ళ మాస్టారూ ఎక్కాడు, ఫొటో తీసుకున్నారు. స్టాండు ఇసుమంతైనా కదల్లేదు.

సంస్థ మనిషి వచ్చే ముందురోజు దాన్ని డాబా మీదికి చేర్చారు. కన్నాలు పెడితే వానకి కారుతుందని, కాళ్ళ మీద సిమెంటు దిమ్మలు పెట్టి నిలబెట్టారు. తీరా చెయ్యి వేస్తే టకటకమని ఊగింది. మూడు కాళ్ళు నేలమీదున్నాయి, నాలుగోది వేలెడు ఎత్తున గాలిలో ఉంది.

"డాబాదే తప్పు, మన కొలతలు కరెక్టే" అన్నాడు వాళ్ళ కెప్టెన్, పొడుగాటి కుర్రాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఎవరు చెప్పినా వినడు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు. అక్కడ స్టాండూ మూడుకాళ్ళ మీదే ఉండేసరికి నాకు నవ్వాగలేదు. అతగాడు ఓ ఇటుక ముక్క వెతికి ఆ కాలి కిందికి సుత్తితో దిగ్గొట్టాడు. ఊగడం ఆగిపోయింది. చేతులు దులుపుకుని ముగ్గురూ దిగిపోయారు.

మా ప్రశ్నాపత్రం మాత్రం బకెట్టుతో నీళ్ళు తెచ్చి పిట్టగోడ వారన ఒలకబోసి, చెంప నేలకి ఆనించి బోర్లా పడుకుంది. ఏం చేస్తోందో చూద్దామని నేనూ పక్కనే చతికిలబడ్డాను. నీళ్ళు మెల్లగా పాకాయి. రెండో గోడ వైపు నుంచి పోస్తే అవీ అటే వచ్చి మొదటివాటిని కలుసుకుని, ఒక గీత వెంబడి మూల తూము దాకా పోయాయి.

"నీళ్ళు పల్లమెరుగు" అన్నాను.

"నేనెరగలేదుగా మామయ్యా. డాబా అంతా ఒకే వైపు వాలి ఉంటే స్టాండు కూడా దాంతోపాటు వాలి కూర్చునేది. ఇక్కడ రెండు వాలులు కలుస్తున్నాయి. మూడు కాళ్ళు గీతకు ఇటు, ఒకటి అటు. అటు నేల పైకి లేచి ఆ కాలిని ఎత్తేసరికి దాని పక్క కాలు గాలిలో తేలింది."

"డాబాకి వాలుంటుందని మీ చదువులో చెప్పరా?"

"చెప్తారు. కానీ మేం కట్టింది వర్క్‌షాపు నేల మీద. అది అద్దంలా ఉంటుంది. అక్కడే నిలబెట్టి అక్కడే మురిసిపోయాం."

డాబా పొడవూ వెడల్పూ టేపుతో కొలిచారట. మేస్త్రీలు నేల వాలు చూసుకునే రసమట్టం వర్క్‌షాపు గోడకి వేలాడుతూనే ఉందట. దాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టి చూడాలని నలుగురిలో ఒక్కరికీ తోచలేదు.

"ఇప్పుడు ఇటుక ముక్క ఉందిగా, ఇంకేం?"

"గాలికి కాలు ఒక్కసారి లేస్తే ఆ ముక్క జారిపోతుంది. ఆ తర్వాత రోజూ ఊగీ ఊగీ బోల్టులు వదులైపోతాయి. ఈ వానల్లోనే కావచ్చు, పదేళ్ళు ఏమీ కాకపోనూవచ్చు."

"అయితే నోరు మూసుకో. ప్యానెళ్ళు రానీ, తరవాత సరిచేసుకోవచ్చు."

"పైన ప్యానెళ్ళు బిగించాక కింద కాలు కోసి అతకడం కుదరదు మామయ్యా."

"మీ అమ్మ భుజం చూశావా?" అన్నాను. ఆ మాట అన్నందుకు నేనేమీ బాధపడటం లేదు. అది నా అక్క భుజం.

మర్నాడు సంస్థ నుంచి పెద్దాయన వచ్చాడు. రెండు చేతులా స్టాండు పట్టుకుని ఊపాడు, వేలాడాడు. కదల్లేదు. "బాగా కట్టారే" అని జేబులోంచి పెన్ను తీశాడు. తాళాలగుత్తి పట్టుకుని పక్కనే నిలబడ్డ మా అక్క మొహంలో, చాన్నాళ్ళకి, నిశ్చింత చూశాను.

అప్పుడు మా ప్రశ్నాపత్రం వంగి, స్పానరుతో ఇటుక ముక్కని ఒక్కటి కొట్టింది. ముక్క ఎగిరి అవతల పడింది.

"ఇప్పుడు ఊపండి సార్."

టకటక. కెప్టెన్ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ఈ డ్రాయింగు ఎవరిది?" అన్నాడు పెద్దాయన.

"నాదే సార్. డాబా వాలు చూసుకోలేదు" అంది. సిగ్గుతో తల దించుకుంటుందనుకున్నాను. దించింది గానీ, నీటి చారిక చూపించడానికి. రెండు వాలులూ ఎక్కడ కలుస్తున్నాయో వేలితో గీసి చెబుతుంటే ఆ పెద్దాయన కూడా గొంతుక్కూర్చుని చూశాడు. చూసి, పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఈసారి ప్యానెళ్ళు అవతలి ఆసుపత్రికి పోతాయమ్మా. దీన్ని సరిచేసి కబురు పెట్టండి. మళ్ళీ ఎప్పుడొస్తాయో మాత్రం చెప్పలేను."

మధ్యాహ్నానికే కరెంటు పోయింది. అక్క మంచుపెట్టె తీసి మందుసీసాలు సర్దడం మొదలెట్టింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. "చేతికందింది నోటికి రాకుండా చేశావు కదే" అన్నాను. మేనకోడలు గుమ్మంలో నిలబడి, "నువ్వు కూడా తిట్టమ్మా" అంది.

అక్క ఒక సీసా వెలుతురుకి ఎత్తి, దాని మీదున్న చిన్న గుర్తు చూసింది. "ఇది వేడి తగిలి రంగు మారింది. మందు చూడ్డానికి బాగానే ఉంది. పిల్లాడికి పొడిచేస్తే, ఎత్తుకొచ్చిన తల్లికి తెలుస్తుందా?" అని, ఆ సీసాని తీసి పారేసే డబ్బాలో వేసింది. పెట్టె మూత బిగించింది.

"అటువైపు పట్టుకో. ఆ నాలుగో కాలు సంగతి దారిలో చెప్పు, పైన నాకు సగమే అర్థమైంది."