చూడి గుర్రం పక్కన

నా చిన్నప్పుడు కామారెడ్డి రైలు స్టేషన్ ముందు ఆగే టాంగాల్లో ఒకటి మా తాతది. దాన్ని లాగేది ఎర్రటి ఆడగుర్రం. మాది మాచారెడ్డి దారిలో చిన్న పల్లె. సాయంత్రం టాంగా వాకిట్లోకి రాగానే నానబెట్టిన ఉలవలు దోసిట్లో పట్టుకుని ఎదురు వెళ్లేదాన్ని. అది తింటుంటే మెత్తటి పెదవులు అరచేతికి తగిలి గిలిగింతలు పుట్టేవి. నేను తల్లి లేని పిల్లను. నాన్న, నానమ్మ పొద్దంతా పొలం మీదే ఉండేవాళ్లు. బడి కబుర్లన్నీ నేను చెప్పుకున్నది ఆ గుర్రానికే.

ఒక ఏడు వానాకాలంలో తాత కాలికి దెబ్బ తగిలి టాంగా కట్టలేకపోయాడు. గుర్రాన్ని ఎల్లారెడ్డి దగ్గర మా చుట్టాల బీడులో మేతకు వదిలారు. అక్కడ ఇంకొన్ని గుర్రాలు కూడా మేసేవి. దసరా దాటాక మాది తిరిగొచ్చింది. కొన్నాళ్లు బాగానే ఉంది గానీ చలి ముదిరేసరికి దాని తీరే మారిపోయింది. టాంగా కట్టబోతే చెవులు వెనక్కి వాల్చి పళ్లు చూపేది. స్టేషన్ దగ్గర పక్క టాంగా గుర్రం మీదికి ఉరికింది. ఒకరోజు నేను ఉలవలు తీసుకెళితే గౌను భుజం పట్టి కొరికింది. గుడ్డ చిరిగిందే తప్ప ఒంటికి ఏమీ కాలేదు. అయినా ఆ పూట నేను అన్నం తినలేదు. అది నన్ను ఇక వద్దనుకుందని అనిపించింది.

తాత కూడా విసిగిపోయాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే మనిషి ఒకాయన నస్రుల్లాబాద్ నుంచి వచ్చి దాన్ని అమ్మమని అడిగి వెళ్లాడు. వారంలో తోలుకుపొమ్మని తాత మాటిచ్చేశాడు.

అప్పుడు మా మేనత్త తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. నాకు జడ వేసేదీ, జ్వరమొస్తే పక్కన పడుకునేదీ ఆమే. నిండు కడుపుతో నెమ్మదిగా నడుస్తూ రోజూ కొట్టం దగ్గరికి వెళ్లి దూరంగా నిలబడి గుర్రాన్ని చూసేది. ఒక పొద్దున తాతతో అంది, "బాపూ, తొందరపడకు. అది మొండికేస్తలేదు. దాని పానం దాని చేతుల లేదు. నిన్న నాకు అవ్వ మీద ఊకెనే కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెల్వది. డాక్టరుకు ఒక్కసారి చూపియ్యి."

తాత తువ్వాల భుజాన వేసుకుని కామారెడ్డి వెళ్లి పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేయి పెట్టి పరీక్ష చేసి, కడుక్కుంటూ నవ్వాడు. గుర్రం చూడిది, సగం నెలలు నిండినయి అన్నాడు. తొలిచూలు కాబట్టి పొట్ట తెలియలేదట.

"మరి గిట్ల కొరుకుడేంది సారూ?" అని తాత అడిగాడు.

డాక్టరు అరుగు మీద కూర్చుని ఓపికగా చెప్పాడు. కడుపు నిలిచాక నెత్తురులో హార్మోన్లు మారిపోతాయట. కొన్ని పిల్లను జారకుండా పట్టి ఉంచుతాయి. కడుపులోని పిల్ల కూడా తన వంతుగా కొన్ని తయారుచేసి తల్లి నెత్తురులో కలుపుతుంది. అందుకే నడి నెలల్లో కొన్ని ఆడగుర్రాలు పోతుగుర్రాల్లా మీదికొస్తాయి. కాన్పు దగ్గరపడ్డాక అవి తగ్గి, పాలు దింపేవి పెరుగుతాయి. "దానికి మీ మీద పగ ఏం లేదు. జర ఓర్చుకోండి" అని లేచాడు. నస్రుల్లాబాద్ మనిషికి తాత ఆ సాయంత్రమే కబురు పంపి క్షమించమన్నాడు.

నాకు మాత్రం బెంగ తీరలేదు. పగ లేకపోతే నా దగ్గరికి ఎందుకు రాదు? మేనత్త నన్ను కొట్టంలోకి తీసుకెళ్లి, తాడు అందనంత దూరంలో గడ్డి మీద కూర్చోబెట్టింది. తానూ మెల్లగా పక్కన కూలబడి ఒడిలో పల్లికాయలు పోసుకుంది.

"పిలువకు బిడ్డా. చెయ్యి చాపకు. దాని దిక్కు చూడకు సుత. నువ్వు ఉన్నవని దానికి ఎరుకైతే చాలు."

అలా రోజూ కూర్చున్నాం. పల్లికాయలు ఒలుస్తూ ఆమె మా అమ్మ సంగతులు చెప్పేది. అమ్మ ఎలా నవ్వేదో, నన్ను కడుపున మోసేటప్పుడు చింతకాయ కోసం ఎంత మారాం చేసేదో. అవి ఇంకెవరూ చెప్పలేదు నాకు. గుర్రం చెవులు కొద్దికొద్దిగా ముందుకొచ్చాయి, మేమూ కాస్త దగ్గరికి జరిగాం. ఒక మధ్యాహ్నం తాడు సాగినంత మేరా నడిచొచ్చి మా వెనుక నిలబడింది. దాని వెచ్చటి ఊపిరి నా మెడకు తగిలింది. మేనత్త నా మోకాలు నొక్కింది, కదలకు అన్నట్టు.

శివరాత్రి తర్వాత ఆమెకు కొడుకు పుట్టాడు. ఎండలు ముదిరాక, దూరాన భివండీలో మగ్గాల పని చేసే మామ వచ్చి ఇద్దర్నీ తీసుకుపోయాడు. బస్సు ఎక్కేముందు నా తల నిమిరి, గుర్రం ఈనేసరికి వస్తానంది.

తొలివానలప్పుడు గుర్రం చనుమొనల మీద మైనం లాంటి చుక్కలు కట్టాయి. ఇయ్యాలో రేపో అన్నాడు తాత. మర్నాడు తెల్లారి లేచి చూస్తే, తడి ఆరని పిల్ల వంకర కాళ్ల మీద నిలబడి పాలు వెతుక్కుంటోంది. తల్లి దాన్ని ఆపకుండా నాకుతోంది. నేను దూరంగా గడ్డి మీద కూర్చున్నాను. పక్కన చోటు ఖాళీగా ఉంది. బస్సు చప్పుడైనప్పుడల్లా రోడ్డు దాకా పరుగెత్తి చూసి వచ్చాను.

ఆమె వచ్చింది, కానీ చాలా ఏళ్లకు. అప్పటికి గుర్రమూ లేదు, పిల్లా లేదు, తాతా లేడు. రెండు రోజులుండి వెళ్లిపోయింది. ఆ తర్వాత భివండీలోనే కన్నుమూసిందని కబురొచ్చింది.

నా బిడ్డ మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు నాతో మాట్లాడటం మానేసి తలుపు వేసుకునేది. నేను తలుపు కొట్టలేదు. బయట చాప వేసుకుని చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చున్నాను. కొన్నాళ్లకు తనే వచ్చి నా ఒడిలో తల పెట్టుకుంది. ఎందుకు ఏమీ అడగలేదమ్మా అంది. మేనత్త నేర్పిందని చెప్పాను. ఇన్నేళ్లయినా, మనసు బరువెక్కిన రోజున ఆమె వచ్చి ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంటే బాగుండుననిపిస్తుంది.