లోపలి బాల్కనీ

సింగపూర్ నుంచి ఓడలో నాలుగు రోజులు తిరిగొద్దామని నేనూ మా అక్కా అనుకున్నాం. తిరుపతిలో టికెట్లు బుక్ చేసే ఆయన రెండు రకాల గదులు చూపించాడు. ఒకదాని బాల్కనీ సముద్రం వైపు ఉంటుంది. ఇంకోదాని బాల్కనీ ఓడ లోపలికి, అంగళ్లతో వీధిలాగా ఉండే చోటు వైపు ఉంటుంది.

"సముద్రమే తీసుకోండమ్మా, అందరూ అదే అడుగుతారు," అన్నాడు.

"నీళ్లని ఎంతసేపని సూస్తాం? మాకు లోపలిదే రాసెయ్యప్పా," అన్నాను. మా పాకాలలో సాయంత్రమైతే వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లని చూడనిదే నాకు పొద్దుపోదు. అక్క మాత్రం ఓడెక్కేదాకా సణుగుతూనే ఉంది.

ఎక్కిన సాయంత్రమే అక్క సముద్రం చూడాలని పైకి పోయింది. నేను బాల్కనీలో కూర్చున్నాను. ఎదురు బాల్కనీలో చైనావాళ్లలా ఉన్న ఒక పెద్దామె నన్ను చూసి నవ్వింది. ఎడమచేత్తో గిన్నె పట్టుకున్నట్టు, కుడిచేత్తో పుల్లలతో అన్నం నోట్లోకి తోసుకుంటున్నట్టు చూపించి కనుబొమలెగరేసింది. మనిషి కనబడగానే తిన్నావా అని అడగడం మా వైపే ఉన్న అలవాటు అనుకున్నాను ఇన్నాళ్లూ. అయిందని పొట్ట తట్టుకున్నాను. ఐదు వేళ్లూ కూడగట్టి నోటి దగ్గర పెట్టుకుని, మరి నీకో అని అడిగాను.

అంతలో అక్క తిరిగొచ్చింది. "ఎవురుమే ఆమె? ఏమంటా ఉండాది?"

"తిన్నావా అని అడగతా ఉండాది. నిన్ను సముద్రం అడిగిందా అక్కా?"