పప్పు పాటకు ఫస్ట్ ప్రైజ్

ఖతార్‌లో సైటు పనికొచ్చిన రెండో ఏడు, అల్ వక్రా దగ్గరి మా క్యాంపులో సొంత పాటల బ్యాండ్ పోటీ పెట్టారు. మెస్సు నీళ్ళ పప్పును తిడుతూ నేను రాసిన పాటను పెయింటు డబ్బాలు వాయిస్తూ పాడాం. పాట సగంలో చూద్దును కదా, జడ్జి కుర్చీలో మెస్సు కాంట్రాక్టరే!

తెలుగు రాని ఆయన "క్యా బోల్తా?" అని మా ఫోర్‌మన్‌ను అడిగాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఫోర్‌మన్ మాత్రం తడుముకోకుండా, మీ పప్పును పొగుడుతున్నారని హిందీలో చెప్పాడు.

కాంట్రాక్టరు మురిసిపోయి కప్పు మాకే ఇచ్చాడు. పైగా ఇకనుంచి పొద్దున టిఫిన్‌లోకీ అదే పప్పని మైకులో ప్రకటించాడు.

"ఇంకో పాట రాసినవంటే కాళ్ళిరగ్గొడ్త బిడ్డా!" అన్నాడు డబ్బా వాయించిన రాజయ్య.

కప్పు నా మంచం కింద ఉంది. కాంట్రాక్టరుకు అర్థమయ్యే హిందీలో తిట్టే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.