నేల విడిచిన నడుము

ఆర్మూర్ మార్కెట్లో ఇరవై ఏళ్లు పసుపు బస్తాలు మోసిన భూమేష్‌కు నలభై రెండో ఏట నడుము పట్టేయడం మొదలైంది. పొద్దున గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయేవాడు.

"పొట్ట గట్టిగుంటే నడుము గట్టిగుంటదిరా. రోజూ కసరత్తు చెయ్యి" అన్నాడు తోటి హమాలీ నడిపయ్య.

మాట అబద్ధం కాదు. చేసే తీరే ఇద్దరికీ తెలియదు.

భూమేష్ గచ్చు మీద వెల్లకిలా పడుకుని కాళ్లు బారజాపేవాడు. భార్య నీలవ్వ పాదాల మీద కూర్చుని లెక్కపెట్టేది. అతను తల వెనక చేతులు పెట్టుకుని ఒక్క ఊపున లేచేవాడు. వెనక్కి వాలేటప్పుడు నడుము విల్లులా వంగి నేలను విడిచేది.

"నొస్తుందా?" అని అడిగిందామె ఒకరోజు.

"నొస్తేనే పని చేస్తున్నట్టు. నువ్వు లెక్క తప్పకు."

నెల తిరిగేసరికి ఎడమ పాదం తిమ్మిరెక్కసాగింది. అతను నోరు విప్పలేదు. ఒక పొద్దున అరవై మూడు దగ్గర సగం లేచి, కెవ్వున అరిచి పక్కకు ఒరిగాడు. లుంగీ తడిసిపోయింది. అది నీలవ్వ చూసిందే కాని అతనికి తెలియలేదు.

జారిన డిస్క్ నరాలను నొక్కేసిందని నిజామాబాద్‌లో అదేరోజు ఆపరేషన్ చేశారు. కొన్నాళ్లకు మూత్రం అదుపులోకి వచ్చింది. ఎడమ పాదం మాత్రం వేలాడిపోయింది.

తర్వాత దవాఖానలో వ్యాయామాలు నేర్పే సుస్మిత అతన్ని బల్ల మీద పడుకోబెట్టింది.

"మోకాళ్లు ముడుచుకో అన్నా. పాదాలు ఎవ్వరూ పట్టొద్దు. పొట్ట బిగబట్టు, ఊపిరి ఆపకు. ఒక్క మడిమెనే మెల్లగ ముందుకు జరుపు. నడుము బల్లను విడిస్తే ఆడనే ఆపు."

నీలవ్వ బల్ల దగ్గరికి వచ్చింది. "పాదాల మీద నేనే కూసున్న మేడం. అందుకే గిట్లయిందా?"

సుస్మిత ఆమె వైపు తిరిగింది. "గట్ల పట్టి లేపితే నడుము మీద బరువు పడ్తది. కానీ బస్తాలు ముందుగాల్నే అరగదీసినయ్ అక్కా. నీ ఒక్కదాని మీద ఏసుకోకు."

తిరుగు బస్సు జక్రాన్‌పల్లి దాటింది.

"నువ్వు అడిగినవ్, నేనే చెప్పలే" అన్నాడు భూమేష్.

ఆ సీజన్‌కు నీలవ్వ ఒక్కతే మార్కెట్టుకు పసుపు కొమ్ములు ఏరడానికి పోయింది. ఒకనాడు తనూ వస్తానని భూమేష్ కర్ర పట్టుకుని వెంట నడిచాడు. షెడ్డు దారిలో నిలబడి, రాశుల వైపు చూస్తున్నాడు. ఆ ఏడే కొత్తగా చేరిన హమాలీ బస్తాతో వెనకనుంచి వచ్చాడు.

"పెద్దయ్యా, జర పక్కకు జరుగు."

భూమేష్ పాదం ఈడ్చుకుంటూ జరిగాడు. ఆ తర్వాత మళ్లీ మార్కెట్టుకు వస్తానని ఆమెతో అనలేదు.